బీజెడ్‌సీలో చేరాను, ల్యాబ్ తాళం మాత్రం తీయరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిగ్రీ బయాలజీ గురించే, అదీ ప్రైవేట్ కాలేజీల్లో చదువుతున్న పిల్లల నుంచి, వాళ్ళ అమ్మానాన్నల నుంచి. నేను ఇరవై రెండేళ్ళు ప్రైవేట్ డిగ్రీ కాలేజీల్లోనే బోటనీ చెప్పాను కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే నా క్లాసులో పిల్లలే మాట్లాడుతున్నట్టు అనిపించింది. నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నా. మొదటిదానికి కాస్త ఎక్కువే రాశాను, ఎందుకంటే అలాంటి ఉత్తరాలే చాలా వచ్చాయి.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది నల్గొండ జిల్లా. ఇంటర్ బైపీసీ అయినంక రెండేండ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్న, నీట్‌ల సీటు రాలే. దోస్త్‌ల (ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్లల్ల) ప్రైవేట్ కాలేజీ వచ్చింది, ఇప్పుడు బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) సెకండియర్. మా కాలేజీల ల్యాబ్ ఉంది గానీ తాళం తీయరు. రికార్డు సీనియర్ల దగ్గర తీసుకొని చూసి రాయమంటరు. జువాలజీ సార్ సగంల మానేసిండు, మళ్ళా ఎవ్వరు రాలే. డిసెక్షన్లు గవర్నమెంటే బంద్ పెట్టింది, ఇంక ల్యాబ్ ఎందుకు అంటరు. ఇంటికి పోతే చుట్టాలు డాక్టర్ సీటు రాకనే గిండ్ల ఏసిండ్రు అంటరు. కానీ నాకు నిజంగనే మొక్కలంటే ఇష్టం మేడమ్. ఇట్లనే మూడేండ్లు అయిపోతే నాకేమొస్తది? మళ్ళా నీట్ రాయాల్నా?
ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: తల్లీ, నువ్వు రాసిన ఆ తాళం నాకు బాగా తెలుసు. నేను మొదట చేరిన కాలేజీలో ఆరు మైక్రోస్కోపులు బీరువాలో ఉండేవి, ఇన్‌స్పెక్షన్ రోజు బయటకు వచ్చి మర్నాడు మళ్ళీ లోపలికి పోయేవి. పిల్లలు పగలగొడతారమ్మా అనేవారు మేనేజ్‌మెంట్. అందుకని నేను బ్యాగులో ఒక కొత్త బ్లేడు, ఒక క్యారెట్, చిన్న శాఫ్రనిన్ రంగు సీసా పెట్టుకుని వెళ్ళేదాన్ని, క్లాసు కిటికీ గట్టు మీద వెలుతురు బాగా పడేది, అక్కడే సెక్షన్లు, అంటే మొక్క భాగాల పలచటి ముక్కలు, కోయించేదాన్ని.

రికార్డు కాపీ కొడితే ఏం పోతుందో ఒక సంగతి చెప్తా. ఒకసారి ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతుంటే ఉమ్మెత్త పువ్వు బొమ్మలో అండాశయం నిటారుగా గీసి ఉంది. సొలనేసీ కుటుంబాన్ని గుర్తుపట్టేదే దాంతో, అండాశయం ఏటవాలుగా ఉంటుంది. సరే ఒకమ్మాయి పొరపాటు అనుకున్నా, తర్వాత చూస్తే క్లాసంతా అదే బొమ్మ, పాత రికార్డులు తీయిస్తే వెనక నాలుగు బ్యాచ్‌ల్లోనూ అదే. ఎవరో ఒకరు ఎప్పుడో తప్పు గీశారు, ఆ తర్వాత ఎవ్వరూ పువ్వు తెంపి చూడలేదు. కాలేజీ గేటు పక్కనే ఉమ్మెత్త చెట్టు ఉండేది. నాకు ఆ రోజు పిల్లల మీద కోపం రాలేదు, వాళ్ళకి ఎవరూ చూపించలేదే అని బాధేసింది.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని చూడడం. పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్సు ఒకటి కొనుక్కో, రెండు మూడొందల్లో వస్తుంది. దానికి మందార పువ్వు చాలు మొదలుపెట్టడానికి. నిలువుగా కొయ్యి, కేసరాలన్నీ కలిసి గొట్టంలా అయి కీలాన్ని చుట్టుకుని ఉంటాయి, మాల్వేసీ కుటుంబం అంటే అదే, తర్వాత బెండ పువ్వు కొయ్యి, పత్తి పువ్వు కొయ్యి, అదే గొట్టం. మూడు చూశాక ఆ కుటుంబం నువ్వు బట్టీ పట్టక్కర్లేదు. బతుకమ్మకి పూలు తెస్తారుగా, ఈసారి పేర్చేముందు ఒక్కో రకం పక్కన పెట్టుకో. గునుగు ఒక పువ్వు కాదు, కంకి నిండా చిన్న చిన్న పూలు. బంతి కూడా అంతే, మనం రేకలు అనుకునేవి ఒక్కొక్కటీ ఒక పువ్వు. తంగేడు మాత్రం విడి పువ్వే, దాని కేసరాలు అన్నీ ఒక్క సైజులో ఉండవు, లెక్కపెట్టి రాసుకో.

బ్లేడు పట్టడం వచ్చాక గుర్రపుడెక్క కాడ కొయ్యి, మీ వైపు మూసీ పక్కన కాలవల్లో కావాల్సినంత ఉంటుంది. లోపలంతా గాలి గదులు, మామూలు కంటికే కనిపిస్తాయి, సిలబస్‌లో నీటి మొక్కల అనుకూలనాలు అని పేజీన్నర రాస్తావు చూడు, అదంతా ఈ కాడలో ఉంది. సన్నని కాండం అయితే క్యారెట్ ముక్కని చీల్చి మధ్యలో పెట్టి కలిపి కొయ్యాలి, అప్పుడు జారదు. గన్నేరు ఆకు అడుగువైపు గుంతల్లో పత్రరంధ్రాలు దాక్కుని ఉంటాయి, అది చూడాలంటే మాత్రం మైక్రోస్కోపు కావాలి, గన్నేరు విషం కూడా, చేతులు కడుక్కో. కాగితంతో మడతపెట్టి చేసే ఫోల్డ్‌స్కోప్ అని ఉంది, స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ అనే మన దేశస్థుడి ల్యాబ్‌లో తయారైంది, దాదాపు 140 రెట్లు చూపిస్తుంది. ఎండుగడ్డి నాలుగు రోజులు చెరువు నీళ్ళలో నానబెట్టి ఆ చుక్క దాని కింద పెడితే ఈదుతున్న ఏకకణ జీవులు కనిపిస్తాయి, పారమీషియం దొరకొచ్చు. ఆ రోజు నాకు ఉత్తరం రాయి.

ఇక ఆ తాళం సంగతి. డిసెక్షన్లు బంద్ అన్నమాట సగం నిజం. యూజీసీ 2014లో జువాలజీ, లైఫ్ సైన్స్ కోర్సుల్లో జంతువుల్ని కోయడం ఆపమంది, అంతే. స్లైడ్లు చూడొద్దనలేదు, మోడల్స్, కంప్యూటర్ సిమ్యులేషన్లు వాడమంది, బోటనీకీ కెమిస్ట్రీకీ దాంతో సంబంధమే లేదు. ఆ మాట చెప్పి బ్యూరెట్ కూడా ముట్టనివ్వకపోతే అది మిమ్మల్ని మోసం చేయడమే. ఒక్కదానివే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళకు, నిన్ను గుర్తుపెట్టుకుంటారు. క్లాసులో పదిమంది కలవండి, యూనివర్సిటీ సిలబస్ కాపీలో ఈ సెమిస్టర్ ప్రాక్టికల్స్ ఏమేం ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు రాసి, వీటిలో ఇవి జరగలేదు, వారానికి ఒక మధ్యాహ్నం ల్యాబ్ తెరవండి, పగిలితే మేమే కడతాం అని కాగితం మీద అడగండి. మర్యాదగా అడగండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. చాలాచోట్ల అడిగేవాళ్ళు లేకే తాళం పడుతుంది, నేను చూసినంతలో రాతపూర్వకంగా అడిగితే పూర్తిగా కాకపోయినా సగమైనా కదులుతారు. కదలకపోతే అప్పుడు అఫిలియేషన్ ఇచ్చిన యూనివర్సిటీకి రాయండి.

నీట్ గురించి అడిగావు. వయసు దాటిపోలేదు, ఎన్నిసార్లు రాయొచ్చన్న లెక్కా లేదు, కానీ నీ రెండో లాంగ్‌టర్మ్ మార్కులు మొదటిదానికన్నా ఎంత పెరిగాయో, మీ కేటగిరీలో చివరి సీటు ఎంతకి పోయిందో ఆ రెండూ ఒక కాగితం మీద రాసుకుని చూడు. దూరం చాలా ఉంటే ఇంకో ఏడాది వద్దంటాను నేను. డిగ్రీ పేరుకు ఉంచి మనసంతా నీట్ మీద పెట్టి చివరికి రెండూ చేజారిన పిల్లల్ని ప్రతి బ్యాచ్‌లో చూశాను.

మూడేళ్ళ తర్వాత ఏముంది అంటే, ఉస్మానియా నడిపే సీపీగెట్ రాసి బోటనీ ఎమ్మెస్సీలో చేరొచ్చు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ఉంది, ఐఐటీల్లో చదవాలంటే జామ్ ఉంది. జామ్ బయోటెక్నాలజీ పేపర్లో లెక్కలు కూడా వస్తాయి, బైపీసీ పిల్లలు అక్కడే భయపడి వదిలేస్తారు, నువ్వు మాత్రం సెకండియర్ నుంచే ఇంటర్ లెక్కల పుస్తకం రోజూ అరగంట ముందేసుకో. యూపీఎస్సీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీల్లో ఒక్కటి ఉన్నా అర్హతే, నీకు మూడూ ఉన్నాయి, ఈ మాట మీ చుట్టాలకి కూడా చెప్పు. ఇంకోటి, దేశంలోని సైన్స్ అకాడమీలు మూడూ కలిసి వేసవి రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, ఎంపికైతే రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పని, అప్లికేషన్లు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు కాబట్టి చూసుకుంటూ ఉండు. హబ్సిగూడలో సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన సంస్థ కూడా ఓపెన్ డే పెట్టి అందరినీ లోపలికి రానిస్తుంది, మీ ఊరి బస్సు దిగి ఆటోలో వెళ్ళేంత దూరం, నలుగురు స్నేహితుల్ని తీసుకుని ఒక్కసారి వెళ్ళిరా.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం. మా వాడిని హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీఎస్సీ బయోటెక్నాలజీలో చేర్చి మొదటి సంవత్సరం ఫీజు కట్టాను, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకున్నారు. ఇప్పుడు వాడికి కౌన్సెలింగ్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ సీటు వచ్చింది. మానేస్తాం అంటే మిగతా రెండేళ్ళ ఫీజు కూడా కడితేనే సర్టిఫికెట్లు ఇస్తాం అంటున్నారు. కట్టిన డబ్బు పోయినట్టేనా? వేరుశనగ మీద బతికేవాళ్ళం, అప్పు తెచ్చి కట్టాను.
ఒక తండ్రి

జవాబు: అన్నగారూ, మీరు భయపడకండి, ముందు ఇవ్వాళే ఒక పని చేయండి. మా అబ్బాయి సీటు వదులుకుంటున్నాడు, ఫీజు వెనక్కి ఇవ్వండి, సర్టిఫికెట్లు ఇవ్వండి అని కాగితం రాసి ఇచ్చి తేదీ వేసిన రసీదు తీసుకోండి, తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, మెయిల్ కూడా పెట్టండి. ఎందుకు ఇవ్వాళే అంటున్నానంటే ఎంత వెనక్కి వస్తుందనేది ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటుంది.

యూజీసీ 2018 అక్టోబర్‌లో దీనిమీదే నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్లకి ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులో అంతకన్నా ముందో మానేస్తే ఫీజు మొత్తం ఇవ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5 వేలు దాటకుండా పట్టుకోవచ్చు. 15 రోజుల లోపల అయితే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80 శాతం, ఆపైన 30 రోజుల్లోపు 50 శాతం, 30 రోజులు దాటితే ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో కౌన్సెలింగ్‌లు ఆలస్యమైతే యూజీసీ ఇంకా ఎక్కువ గడువు ఇచ్చింది కూడా, కాబట్టి ఈ ఏడాది సర్క్యులర్ ఏముందో వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ అబ్బాయి చేత చూపించండి. కాషన్ డిపాజిట్ అయితే పూర్తిగా వెనక్కి ఇవ్వాల్సిందే.

ఒరిజినల్స్ సంగతి అదే నోటిఫికేషన్‌లో ఉంది, అడ్మిషన్ అప్పుడు చూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. కోర్సు మొత్తానికి ఒకేసారి ఫీజు అడగడం కూడా కుదరదు, సెమిస్టర్‌కో సంవత్సరానికో మాత్రమే ముందుగా తీసుకోవాలి. అంటే మీ దగ్గర మిగతా రెండేళ్ళ ఫీజు అడగడానికి వాళ్ళకి ఏ ఆధారం లేదు. ఆ నోటిఫికేషన్ ప్రింట్ తీసి కాగితానికి జతచేయండి. కౌంటర్లో ఉన్న పిల్లలతో వాదించకండి, వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు, రిజిస్ట్రార్ పేరు మీదే రాయండి. వారంలో కదలిక లేకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఈలోపు అగ్రికల్చర్ కాలేజీవాళ్ళకి విషయం చెప్పి సర్టిఫికెట్లు ఇవ్వడానికి టైం అడగండి, అది కూడా రాసి ఇచ్చే అడగండి.

ప్రశ్న: మేడమ్ గారండీ, మాది భీమవరం దగ్గరండీ. ప్రైవేట్ కాలేజీలో ఆక్వాకల్చర్ తీసుకుని డిగ్రీ చేశానండీ. ఇప్పుడు రొయ్య సీడ్ టెస్ట్ చేసే పీసీఆర్ (రోగక్రిమి డీఎన్‌ఏని వెతికి పట్టే టెస్టు) ల్యాబ్‌లో పని చేస్తున్నాను. పని వచ్చేసిందండీ, కానీ ఎందుకు చేస్తున్నామో సగం తెలీదు. ఒకసారి మేం నెగటివ్ ఇచ్చిన సీడ్ వేసిన చెరువులో వైట్ స్పాట్ రోగం వచ్చి రైతు మా మీదకి గొడవకి వచ్చాడండీ, నేనేం తప్పు చేశానో నాకు అర్థం కాలేదు. ఎమ్మెస్సీ చేయమంటారా, ఇందులోనే ఉండమంటారా?
ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి

జవాబు: బాబూ, ఎందుకు చేస్తున్నామో తెలీదు అని అడిగావు చూడు, నాకు అది చాలా నచ్చింది. ముందు ఆ రైతు సంగతి చూద్దాం, ఎందుకంటే అతనికి పోయింది ఒక పంట మొత్తం.

వైట్ స్పాట్ వైరస్ డీఎన్‌ఏ వైరస్, దాన్ని పీసీఆర్ నేరుగా పట్టుకుంటుంది, టెస్టులో లోపం ఉండకపోవచ్చు. శాంపిల్ ఎంత తీశారు అన్నది అసలు ప్రశ్న. ట్యాంకులో లక్షల పిల్ల ఉంటుంది, అందులో నూటికి రెండింటికే వైరస్ ఉందనుకో. నువ్వు 20 పిల్లలే తీసి రుబ్బితే అందులో ఒక్కటి కూడా రోగం ఉన్నది పడకపోయే అవకాశం మూడింట రెండు వంతులు. అదే 150 తీస్తే తప్పిపోయే అవకాశం 5 శాతానికి దిగుతుంది. ఇది బయాలజీ కూడా కాదు, మామూలు లెక్క, 0.98ని 20 సార్లు, 150 సార్లు గుణించి చూడు నీకే తెలుస్తుంది. హ్యాచరీ వాళ్ళు సీసాలో పోసి పంపిన పిల్లని ఎవరు తీశారు, ట్యాంకులో ఒక మూల నుంచా నాలుగు వైపుల నుంచా, ఇవి అడగడం మొదలుపెట్టు. రిపోర్టు మీద శాంపిల్ సంఖ్య రాయమని మీ ఓనర్‌కి చెప్పు. ప్రతి రన్‌లో వైరస్ ఉందని ముందే తెలిసిన శాంపిల్ (పాజిటివ్ కంట్రోల్), లేదని తెలిసిన శాంపిల్ (నెగటివ్ కంట్రోల్) రెండూ పెడుతున్నారో లేదో కూడా చూసుకో, ఖర్చని అవి మానేస్తే ఆ రిపోర్టుకి విలువ లేదు. పైగా సీడ్ శుభ్రంగా ఉన్నా చెరువుకి నీటి ద్వారా, పీతల ద్వారా కూడా వైరస్ వస్తుంది కాబట్టి తప్పంతా నీ నెత్తిన వేసుకోకు, కానీ నీ వంతు ఎంతో తెలుసుకో.

ఈహెచ్‌పీ అనే ఇంకో రొయ్య రోగం కూడా మీ దగ్గరికి వస్తూనే ఉంటుంది కదా, దాన్ని తెచ్చేది చూస్తే, అది వైరస్ కాదు, బూజు జాతికి దగ్గరైన మైక్రోస్పోరిడియా, రొయ్య కాలేయ క్లోమంలో చేరుతుంది. వైట్ స్పాట్‌లాగా నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ చేయదు, రొయ్య ఎదగదు, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, మేత తింటూనే ఉంటుంది, రైతు నష్టం అక్కడ. ఈ తేడా రైతుకి వివరించి చెప్పగలిగినవాడికి మీ ప్రాంతంలో చాలా గౌరవం ఉంటుంది. చెన్నైలో కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ ఉంది, సీబా అంటారు, వాళ్ళు రోగ నిర్ధారణ మీద శిక్షణలు ఇస్తారు, ఎమ్మెస్సీ కన్నా ముందు అది చేసి రా.

ఎమ్మెస్సీ తప్పకుండా చేయి, ఆంధ్రా యూనివర్సిటీలో, నాగార్జునలో నీ సబ్జెక్టుకి దగ్గరవి ఉన్నాయి, ఏపీ పీజీసెట్ రాయాలి. ఒక్క సంగతి ముందే తెలుసుకో, కాలేజీలు చేర్చుకునేటప్పుడు చెప్పరు, బీఎస్సీ ఆక్వాకల్చర్ వేరు, బీఎఫ్‌ఎస్సీ అనే ఫిషరీస్ సైన్స్ డిగ్రీ వేరు. ఫిషరీస్ పీజీ ఎంఎఫ్‌ఎస్సీ సీటుకి నాలుగేళ్ళ బీఎఫ్‌ఎస్సీయే అడుగుతారు, కాబట్టి ఆ నోటిఫికేషన్ చూసి అప్లికేషన్ డబ్బు పోగొట్టుకోకు.

మీ భీమవరంలోనే 1895లో జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. హార్వర్డ్‌లో ఉండగా 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ఇచ్చారు, మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు వస్తుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. చెరువు నీళ్ళలో ఫాస్ఫేట్ టెస్ట్‌లో మీరు చూసే నీలం కూడా ఆ మాలిబ్డేట్ రసాయనమే. ఈసారి ఆ రంగు వచ్చినప్పుడు అది ఎందుకు వస్తోందో పుస్తకం తీసి చదువు, నువ్వు అడిగిన ఎందుకు అనేది అలా ఒక్కో టెస్టుతో మొదలవుతుంది.

ప్రశ్న: అక్కా, నేను 2012లో బైపీసీ పాసై పెళ్ళి చేసుకున్నా. బాబు ఇప్పుడు ఏడో తరగతి. డిగ్రీ చేసి బీఈడీ చేసి బయాలజీ టీచర్ అవ్వాలని ఉంది. దగ్గర్లో ప్రైవేట్ కాలేజీవాళ్ళు రోజూ రాకపోయినా పర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం అంటున్నారు. చేరనా?
ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: చెల్లెమ్మా, ఆ అటెండెన్స్ మాట నమ్మి చేరొద్దు. రేపు పిల్లల ముందు నిలబడి మైక్రోస్కోపు చూపించాల్సింది నువ్వు, నువ్వే చూడకపోతే ఎలా. రోజూ వెళ్ళడం కుదరదు కాబట్టి డాక్టర్ బీఆర్ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ నీకు సరిపోతుంది, 1982లో మొదలైంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ తీసుకోవచ్చు, స్టడీ సెంటర్లలో ప్రాక్టికల్స్ పెడతారు, అవి మాత్రం ఒక్కటి కూడా మానకు. పాఠాలకి తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు తెచ్చుకో, ఇన్నేళ్ళ గ్యాప్ తర్వాత ముందు తెలుగులో అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లిష్ పదాలు పక్కన రాసుకుంటే తొందరగా ఎక్కుతుంది. బీఈడీ సీటుకి రాసే ఎడ్‌సెట్‌కి డిగ్రీలో 50 శాతం కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 40. చేరేముందు స్టడీ సెంటర్‌కి ఒకసారి వెళ్ళి సైన్స్ ప్రాక్టికల్స్ ఏ కాలేజీలో, ఏ నెలలో, ఎన్ని రోజులు పెడతారో అడుగు, బాబు పరీక్షలతో కలిసి రాకుండా ఇప్పుడే క్యాలెండర్‌లో రాసి పెట్టుకో.